మనమ్మాయిని ఇంటర్నేషనల్ హాస్టల్‌లో వేయడం తప్పా?

యలహంక అమ్మ:
మాది అనంతపురం. పదేళ్లుగా బెంగళూరులోనే. ఇద్దరం ఉద్యోగస్తులం, నాకు నెలలో సగం రోజులు ప్రయాణాలే. నిరుడు పాపను ఏడో తరగతికి ఊరి బయట ఒక ఇంటర్నేషనల్ స్కూల్ హాస్టల్‌లో వేశాం. దసరాకి ఇంటికొచ్చింది. మా అమ్మ "అన్నం కలిపి పెట్టేదా?" అంటే "ఐ యామ్ గుడ్, అవ్వా" అంది. మా అమ్మ ఒక్క క్షణం చూసి, "నువ్వు మంచిదానివేలేమ్మా, అన్నం తింటావా లేదా?" అంది. అందరం నవ్వాం గానీ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆయన మాత్రం పిల్ల ప్రపంచాన్ని చూస్తోందని సంబరపడుతున్నారు. మీరేమంటారు?

సర్జాపూర్ రోడ్డు:
మావాడిదీ ఇలాంటి స్కూలే. రూమ్మేట్ కొరియా అబ్బాయి. మొదటి నెలంతా ఏసీ దగ్గర కొట్లాట, వీడికి చలి, వాడికి ఉక్క. ఓ రోజు వీడు ఆవకాయ సీసా మూత తీస్తే వాడు ముక్కు దగ్గర పెట్టుకుని "మా అమ్మ కూడా నువ్వుల నూనే వాడుతుంది" అన్నాడట. ఇంట్లో కూర్చుంటే ఇది వస్తుందా? భాషదేముందండీ, సెలవుల్లో తిరిగొస్తుంది.

ప్రకాశం నవోదయ:
తిరిగి రాదండీ, అడిగి తెచ్చుకోవాలి. నేను నవోదయలో చదివాను, అదే, ముఖ్యంగా పల్లె పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టల్ స్కూల్లో. అక్కడ తొమ్మిదో తరగతిలో ముప్పై శాతం మందిని ఏడాదిపాటు హిందీ రాష్ట్రాలకు పంపుతారు, అక్కడివాళ్లు మన దగ్గరికి వస్తారు. నేను మధ్యప్రదేశ్ వెళ్లాను. రేకు ట్రంకు పెట్టె, పూట పూటా రొట్టెలు, అన్నం కోసం కళ్లు కాయలు కాచాయి. పక్క మంచం వాడు రైతు కొడుకు, అవతలివాడు కూలీ కొడుకు. మీ స్కూళ్లలో పాస్‌పోర్టులు రకరకాలు, పర్సులన్నీ ఒకే రకం. దాన్ని కలగలుపు అనడం నాకు మింగుడుపడదు.

సర్జాపూర్ రోడ్డు:
బాగా చెప్పారు సార్, కానీ సీటేది? ముఖ్యంగా ఆరో తరగతిలోనే ప్రవేశ పరీక్ష, ఏ జిల్లా పిల్లలకు ఆ జిల్లాలోనే, పైగా 75 శాతం సీట్లు పల్లెటూరి పిల్లలకే. అది న్యాయమే. బెంగళూరు అపార్ట్‌మెంట్ పిల్లకు ఆ దారి ఎటు తెరుచుకుంటుంది?

ప్రకాశం నవోదయ:
తెరుచుకోదు, ఒప్పుకుంటాను. నా పోట్లాట మీతో కాదు, స్కూలు బ్రోచర్లో కలగలుపు అనే మాట వాడేవాళ్లతో.

హాస్టల్ టీచర్:
ఇలాంటి స్కూల్లోనే పిల్లల బాగోగులు చూసుకుంటాను, పేరడక్కండి. భోజనాల హాల్లో ఎవరి గుంపు వాళ్లు కట్టకుండా అందరూ ఇంగ్లిషే మాట్లాడాలని మా రూలు. కొరియా పిల్లలు వినరు, జపాన్ పిల్లలు సగం వింటారు. తెలుగు పిల్లలు మొదటి రోజే వింటారు. నేను తెలుగువాణ్ణి కాబట్టి గమనిస్తాను, ఇద్దరు తెలుగు పిల్లలు కారిడార్లో ఎదురుపడ్డా ఇంగ్లిషే. అది మేము నేర్పింది కాదు, ఇంటి నుంచే వచ్చింది. అన్నట్టు, మీ స్కూలు ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ సిలబస్) అయితే చివరి రెండేళ్ల డిప్లొమాలో మాతృభాషా సాహిత్యాన్ని సొంతంగా చదువుకుని పరీక్ష రాసే పద్ధతి ఉంది. తెలుగుకి కుదురుతుందేమో ముందే కనుక్కోండి. అడిగే తల్లిదండ్రులు నాకు తారసపడలేదు.

యలహంక అమ్మ:
టీచరుగారి మాట సూదిలా గుచ్చుకుంది. మా ఇంట్లో పాపతో ఇంగ్లిషులో మాట్లాడేది నేనే. శనివారం పిల్లకు అరగంట ఫోను ఇస్తారు. మొన్న ఆ అరగంటా మా అమ్మకే వదిలేసి వంటింట్లోకి వెళ్లాను. మొదట్లో "ఊ", "ఆ" తప్ప మాటల్లేవు. తర్వాత పిల్ల, "అవ్వా, ఉగ్గాని ఎట్ల చేస్తారు?" అని అడగడం వినపడింది. రూమ్మేట్‌కి చేసి పెట్టాలట, హాస్టల్లో కరెంటు పొయ్యి ఉందట. బొరుగులు నానబెట్టడం దగ్గరే పది నిమిషాలు పోయాయి.

రెండో విడత ఫీజుకి పదో తేదీ గడువు. ఆయన కట్టేద్దామంటున్నారు. నేనింకా ఊ అనలేదు.