తడి అచ్చు తోలు అంచు ఎప్పుడు కోయాలి: తేమ ఉండగానా, ఎండిన తరువాతనా?

గుంటూరు నుంచి ప్రశ్న:
కొలత టేపు పెట్టుకునే చిన్న తోలు సంచిని చెక్క అచ్చుపై తడిపి రూపొందిస్తున్నాను. తోలు 2.5 మిల్లీమీటర్ల మందం, చెట్టు బెరడుతో పదును చేసినది. అచ్చు చుట్టూ మిగిలిన అంచును తేమ ఉండగానే కోయమని కొందరు, పూర్తిగా ఎండేవరకు కత్తి తగలనివ్వవద్దని మరికొందరు చెబుతున్నారు. ఒక మూల ముడత కూడా పడింది. దాన్ని మళ్ళీ తడిపి సరిచేయవచ్చా? కారణాలతో చెప్పగలరు.

విజయవాడ సభ్యుని సమాధానం:
తేమ ఉండగానే కోయండి. అచ్చుపై ఎండిన తోలు బిగుసుకుపోతుంది. కొత్తగా నేర్చుకునేవారు బలమంతా కత్తిపైన పెడతారు. అది జారితే అప్పటిదాకా తీర్చిన గోడపై, అంటే అచ్చు చుట్టూ లేచిన పక్క భాగంపై, గీత పడుతుంది, లేదా వేలు తెగుతుంది. మెత్తగా ఉన్నప్పుడు ఆ భయం లేదు.

గుంటూరుకు చెందిన మరో సభ్యుని సమాధానం:
వేళ్ళ గురించి మీరన్నది నిజమే గాని, ఆ కారణంతో తడి తోలును కోయడాన్ని నేను ఒప్పుకోలేను. నీరు పీల్చిన తోలులో నారలు కదులుతాయి కాబట్టే అచ్చు రూపం వస్తుంది; అదే కదలిక వల్ల కత్తి ముందు తోలు సాగి, గీసిన గీత ఒకచోట, తెగిన అంచు మరొకచోట అవుతాయి. పైగా ఎండేటప్పుడు తోలు కొంత కుంచించుకుంటుంది. పశువు వెన్ను నుంచి తీసిన తోలు బిగువుగా నిలిచినా, పొట్ట నుంచి తీసినది అలా నిలవదు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, గోడలు లేచి నిలబడేలా పట్టి ఉంచేది, ఆరేవరకు బిగించి ఉంచే క్లిప్పుల కింద ఉన్న ఆ అంచే. దాన్ని ముందే తీసేస్తే గోడ పాదం సడలుతుంది.

కాబట్టి తడపడానికి ముందే చుట్టూ 2 నుంచి 3 సెంటీమీటర్లు వదిలి కోసుకుని, తేమగా ఉన్నప్పుడు ఎముక పుల్లతో గోడ పాదం వెంట నొక్కి గీత తెచ్చి, నీడలో ఆరనివ్వాలి. చివరి కోతను, సంచి వెనుక వైపు ముక్కను జిగురుతో అంటించాక, రెండు పొరలకూ కలిపి వేయాలి. కొత్త బ్లేడుతో, బలం పెట్టకుండా, అదే గీతపై మూడు నాలుగుసార్లు లాగితే కత్తి జారదు.

ముడత విషయానికి వస్తే, నూనె గాని మైనం గాని పట్టించనంతవరకు మళ్ళీ తడపవచ్చు. అయితే మూలను మాత్రమే కాక మొత్తం ముక్కను సమానంగా తడపాలి, లేకపోతే తడి ఆగినచోట మరక మిగులుతుంది. గోరువెచ్చని నీరే వాడండి. మరుగుకు దగ్గరైన నీటిలో ఈ రకం తోలు కుంచించుకుని గట్టిపడుతుంది. అచ్చు మూల పదునుగా ఉంటే ఎన్నిసార్లు తడిపినా ముడత తిరిగి వస్తుంది, ముందు దాన్ని శాండ్‌పేపరుతో గుండ్రంగా అరగదీయండి. అంచును పట్టి ఉంచడానికి ఇనుప మేకులు వద్దు: బెరడు నుంచి తోలులోకి చేరిన టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి నల్లబడుతుంది. పెడన కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్టపై ఇనుప ద్రావణంతో నలుపు తెచ్చేది ఈ గుణంతోనే.

విజయవాడ సభ్యుడు:
అంచే గోడను పట్టి ఉంచుతుందన్న మాటను ఒప్పుకుంటున్నాను. కానీ కృష్ణ ఒడ్డున, వానాకాలపు ఉక్కలో తోలు త్వరగా ఆరదు, ఆలస్యమైతే బూజు పడుతుంది. రోహిణి కార్తె ఎండలో పెడితే పైపొర పెళుసెక్కుతుంది. అందుకే సగం ఆరాక అదనపు అంచును కొంత తగ్గించమంటాను.

గుంటూరు సభ్యుడు:
క్లిప్పులు పట్టేందుకు 15 మిల్లీమీటర్లు మిగిల్చి తగ్గిస్తే నాకు అభ్యంతరం లేదు. వానాకాలంలో ఫ్యాను గాలి తగలనివ్వండి. ఆరిందో లేదో తెలియడానికి చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల తేమ ఉన్నట్లే. వంటింటి కాటాపై పూట పూటకూ తూచితే ఇంకా నమ్మకం: బరువు తగ్గడం ఆగిన తరువాతే చివరి కోతకు కత్తి తీయండి.