సీఎస్‌వీ ఫైల్ ఎక్సెల్‌లో తెరిస్తే డోర్ నంబర్లు తేదీలైపోతున్నాయి

మద్దిలపాలెం_బిల్లింగ్:
కస్టమర్ల జాబితాను బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) దించుకుంటున్నాం. నోట్‌ప్యాడ్‌లో చూస్తే వరుస ఇలా శుభ్రంగానే ఉంది:

1042,10-5-12,"మెయిన్ రోడ్, పెదవాల్తేరు",0891•••••••,03-04-2024

డబుల్ క్లిక్‌తో ఎక్సెల్‌లో తెరిస్తే డోర్ నంబర్ 10-05-2012 అయిపోతోంది. 10-50-19 లాంటివి మాత్రం మారడం లేదు. ల్యాండ్‌లైన్ ముందున్న సున్నా పోతోంది. తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి. కాలమ్‌ను టెక్స్ట్‌గా మారిస్తే డోర్ నంబర్ బదులు 41039 అని చూపిస్తోంది. పాతది వెనక్కి తెచ్చే దారి ఉందా?

షీట్_సాయం:
ఆ షీట్‌లోంచి వెనక్కి రాదండీ. మూల ఫైల్ నుంచే మళ్లీ తెచ్చుకోవాలి. ఎక్సెల్ తేదీని సంఖ్యగా దాచుకుంటుంది, 41039 అంటే 2012 మే 10. 50వ నెల, 50వ రోజు లేవు కాబట్టి 10-50-19 బతికిపోయింది. అదే ఫైల్‌ను అమెరికా పద్ధతి తేదీలున్న కంప్యూటర్‌లో తెరిస్తే 10-5-12 అక్టోబర్ 5 అవుతుంది, లోపలి సంఖ్య 41187. అంటే ఏది ఏ రకమో డేటా గడిలోకి దిగకముందే చెప్పాలి, దిగాక చెప్పి లాభం లేదు.

డబుల్ క్లిక్ మానేయండి. ఖాళీ వర్క్‌బుక్ తెరిచి డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి ఫైల్ ఎంచుకోండి. వచ్చే కిటికీలో ఫైల్ ఆరిజిన్ (అక్షరాలను దాచిన పద్ధతి) 65001 యూనికోడ్ యూటీఎఫ్-8, డీలిమిటర్ (గడులను విడదీసే గుర్తు) కామా, డేటా టైప్ డిటెక్షన్ దగ్గర ‘డు నాట్ డిటెక్ట్ డేటా టైప్స్’. మూల ఫైల్ యూటీఎఫ్-8లోనే ఉంటే పేర్లు అక్కడే సరిగా కనిపిస్తాయి. తర్వాత ‘ట్రాన్స్‌ఫార్మ్ డేటా’ నొక్కండి.

పవర్‌క్వెరీ_గాజువాక:
పై సమాధానం సరైనదే, కానీ చాలామంది చిక్కుకునేది ఆ తర్వాతి మెట్టులో. ‘యూజ్ ఫస్ట్ రో యాజ్ హెడర్స్’ నొక్కగానే పవర్ క్వెరీ (‘ట్రాన్స్‌ఫార్మ్ డేటా’ నొక్కితే తెరుచుకునే కిటికీ) తనంతట తాను ‘ఛేంజ్డ్ టైప్’ అనే మెట్టును మళ్లీ జోడిస్తుంది. కుడివైపు అప్లయిడ్ స్టెప్స్‌లో దాన్ని తీసేయకపోతే డోర్ నంబర్లు మళ్లీ పాడవచ్చు.

అది తీసేశాక డోర్ నంబర్, ఫోన్, ఖాతా నంబర్ టెక్స్ట్‌గానే ఉంచండి. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెల వరకే నిలుస్తాయి, 16వ అంకె నుంచి సున్నాలే. బిల్లు తేదీకి మాత్రం కాలమ్ హెడర్ మీద రైట్ క్లిక్, ఛేంజ్ టైప్, యూజింగ్ లొకేల్, డేట్, ఇంగ్లిష్ ఇండియా. ఇది చెప్పకుండా అమెరికా సెట్టింగ్‌లో డబుల్ క్లిక్‌తో తెరిస్తే 03-04-2024 మార్చి 4 అవుతుంది, 13-04-2024 మాత్రం తేదీ కాకుండా టెక్స్ట్‌గా మిగులుతుంది. అంటే ప్రతి నెలా మొదటి పన్నెండు రోజుల్లో, రోజు, నెల ఒకే అంకె అయిన రోజు (04-04 లాంటిది) తప్ప, మిగతా బిల్లులు చడీచప్పుడు లేకుండా తప్పు నెలల్లోకి వెళ్తాయి.

ఫోన్ సంగతి ఇంకా ప్రమాదం. విశాఖ ఎస్టీడీ కోడ్ 0891తో కలిపి ల్యాండ్‌లైన్ 11 అంకెలు. సున్నా పోతే 8తో మొదలయ్యే 10 అంకెలు మిగులుతాయి, చూడ్డానికి అచ్చం మొబైల్ నంబర్. ఎవరికో ఎస్సెమ్మెస్ వెళ్లేదాకా ఎవరూ కనిపెట్టరు. పాత షీట్‌లో 891తో మొదలయ్యే నంబర్లన్నీ ఫిల్టర్ చేసి మూల ఫైల్‌తో సరిచూడండి.

మద్దిలపాలెం_బిల్లింగ్:
డోర్ నంబర్లు, పేర్లు సరిగా వచ్చాయండీ. కానీ కొన్ని వరుసల్లో ఫోన్ కాలమ్‌లోకి ఊరి పేరు వచ్చింది, ఇంకొన్ని రెండు వరుసలుగా విడిపోయాయి.

షీట్_సాయం:
ఇవి రెండు వేర్వేరు జబ్బులు. చిరునామాలో కామా ఉండి చుట్టూ డబుల్ కోట్స్ లేకపోతే మిగతావన్నీ ఒక గడి కుడికి జరుగుతాయి. దీన్ని ఎక్సెల్‌లో సరిచేస్తూ కూర్చోవద్దు. టెక్స్ట్ గడులను కోట్స్‌లో పెట్టి ఇమ్మని సాఫ్ట్‌వేర్ వాళ్లను అడగండి, కుదరకపోతే ట్యాబ్‌తో విడదీసిన ఫైల్ ఇమ్మనండి.

వరుస రెండుగా విడిపోతే చిరునామా మధ్యలో ఎవరో ఎంటర్ కొట్టారన్నమాట. కోట్స్ ఉంటే దానికి మందు ఉంది: అప్లయిడ్ స్టెప్స్‌లో సోర్స్ పక్కనున్న పళ్లచక్రం గుర్తు నొక్కి, లైన్ బ్రేక్స్ దగ్గర ‘ఇగ్నోర్ కోటెడ్ లైన్ బ్రేక్స్’ పెట్టండి.

పవర్‌క్వెరీ_గాజువాక:
ఇంకొక్కటి. పని అయ్యాక ఎక్సెల్ వర్క్‌బుక్ (.xlsx) ఫైల్‌గానే సేవ్ చేయండి. సీఎస్‌వీలో కాలమ్ రకాలు నిలవవు, డబుల్ క్లిక్‌తో తెరిస్తే కథ మళ్లీ మొదటికే. వచ్చే నెల కొత్త ఫైల్‌ను అదే పేరుతో అదే ఫోల్డర్‌లో వేసి రిఫ్రెష్ ఆల్ నొక్కితే చాలు. కాకపోతే సాఫ్ట్‌వేర్ వాళ్లు కొత్త కాలమ్ చివర చేరిస్తే అది కనపడదు: ఫార్ములా బార్‌లో సోర్స్ మెట్టు చూస్తే ‘కాలమ్స్=5’ అని బిగించి ఉంటుంది. ఆ ముక్కను దాని పక్క కామాతో సహా తీసేయండి.