‘యుద్ధం వచ్చింది’, ‘యుద్ధం తెచ్చుకుంది’: చప్పట్ల సామెతతో మొదలైన చర్చ

ప్రశ్న:
మాస్టారూ, మిత్రులారా, ఒక సందేహం. మా బావ ఫ్యామిలీ వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ పెట్టాడు. “ఉక్రెయిన్‌లో యుద్ధం రావడానికి కారణం నేటో. అంటే యుద్ధం తెచ్చుకుంది ఉక్రెయినే. రెండు చేతులు కలిస్తేనే చప్పట్లు” అని ఉంది అందులో. (నేటో అంటే అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి.) బావతో రాజకీయం మాట్లాడితే ఎటూ తేలదు, వదిలేశాను. కానీ భాష దగ్గర నాకు అడ్డు తగులుతోంది. మొదటి వాక్యంలో యుద్ధం ‘వచ్చింది’, రెండో దాంట్లో ‘తెచ్చుకుంది’. మధ్యలో ఏదో జారిపోయింది. ఏమిటది? ఆ సామెత ఇక్కడ అతుకుతుందా?

మాస్టారు:
జారిపోయింది కర్త, బాబూ.

తెలుగులో చాలా క్రియలు జంటలుగా తిరుగుతాయి. కూలు–కూల్చు, కాలు–కాల్చు, ఆగు–ఆపు, వచ్చు–తెచ్చు, మొదలవు–మొదలుపెట్టు. జంటలో మొదటిదానికి చేసినవాడు అక్కర్లేదు. ‘గోడ కూలింది’ అంటే వాక్యం పూర్తయిపోయింది. ‘కూల్చారు’ అనగానే ‘ఎవరు?’ అని వినేవాడు అడుగుతాడు. యుద్ధాన్ని వానలాగా ‘వచ్చింది’ అనేస్తే ఆ ప్రశ్న పుట్టదు, కర్త కుర్చీ ఖాళీగా ఉండిపోతుంది. రెండో వాక్యం వచ్చి ఆ కుర్చీలో తనకు కావలసినవాణ్ణి కూర్చోబెట్టుకుంటుంది.

‘తెచ్చుకుంది’లో చివర చేరిన ‘కొను’ సంగతి ఇంకా ముచ్చటైనది. చేసిన పని ఫలితం చేసినవాడికే చెందుతుందని చెప్పే మాట అది. వండుకున్నాడు, కొట్టుకున్నాడు, కొనితెచ్చుకున్నాడు. ఆ ఒక్క ప్రత్యయంతో దెబ్బ తిన్నవాడే దెబ్బ కొట్టినవాడు అయిపోయాడు. రష్యా అసలు వాక్యంలోనే లేదు, చూశారా?

ఖాళీ కుర్చీ నింపడం కష్టమేమీ కాదు. 2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున పుతిన్ టీవీలో ‘ప్రత్యేక సైనిక చర్య’ ప్రకటించారు. ఆ వెంటనే రష్యా సైన్యం మూడు వైపుల నుంచి లోపలికి దిగింది: రష్యా సరిహద్దు నుంచి, బెలారుస్ నుంచి, 2014లోనే ఉక్రెయిన్ నుంచి పట్టేసుకున్న క్రిమియా నుంచి. ఆ ఉదయం ఉక్రెయిన్ సైన్యం రష్యాలోకి పోలేదు. కాబట్టి ‘యుద్ధం మొదలైంది’ అనే వాక్యాన్ని ‘రష్యా యుద్ధం మొదలుపెట్టింది’ అని మార్చితే అందులో అభిప్రాయం కలిపినట్టు కాదు, కర్తను చేర్చినట్టు మాత్రమే.

ఒక సభ్యురాలు:
సామెత గురించి నేను చెప్తాను. చప్పట్లకు రెండు చేతులు కావాలి, నిజమే. చెంపదెబ్బకు ఒకటి చాలు. అది సమ ఉజ్జీల తగాదాకు పుట్టిన సామెత. తోడికోడళ్ల మాటామాటా, గట్టు తగాదా, అలాంటివాటికి సరిపోతుంది.

మరొక సభ్యుడు:
అక్కా, చెంపదెబ్బ బాగుంది. కానీ నేటో కారణమే కాదంటారా? 2008 ఏప్రిల్‌లో బుకారెస్ట్ సమావేశంలో ఉక్రెయిన్, జార్జియా ముందు ముందు సభ్యులవుతాయని నేటో దేశాలు రాసి మరీ ఇచ్చాయి కదా. రష్యాకు మండదా? రెచ్చగొట్టారు అనడంలో తప్పేముంది?

మాస్టారు:
మంచి ప్రశ్న. ఇక్కడ మన భాషలో మూడు మాటలున్నాయి. ఫార్వర్డులు మూడింటినీ ఒకే గిన్నెలో కలిపేస్తాయి. కారణం, సాకు, కారకుడు.

రోడ్డు ప్రమాదం వార్త గుర్తు తెచ్చుకోండి. ‘ప్రమాదానికి కారణం అతివేగం’ అంటాం. ‘కారకుడు డ్రైవర్’ అంటాం. అతివేగాన్ని కోర్టులో నిలబెట్టలేం. బుకారెస్ట్ ప్రకటనను కారణాల జాబితాలో వేస్తే వేసుకోండి, చరిత్రకారులు దాని మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కారకుణ్ణి మాత్రం అది మార్చదు. ‘రెచ్చగొట్టారు’ అన్నా అంతే. రెచ్చిపోయి సైన్యాన్ని పంపినవాడు ఆ వాక్యంలో ఇంకా కర్తే.

అయినా ఆ కారణం బరువెంతో కూడా చూడాలిగా. 2023 ఏప్రిల్ 4న ఫిన్లాండ్ నేటోలో చేరింది. రష్యాతో దానికి 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉంది. ఫిన్లాండ్ మీదికి సైన్యం వెళ్లలేదు. ఉక్రెయిన్‌కేమో బుకారెస్ట్ తర్వాత పద్నాలుగేళ్లకు కూడా సభ్యత్వం రాలేదు.

ఇక సాకు. తూర్పు ఉక్రెయిన్‌లోని డాన్‌బాస్‌లో జాతిహననం జరుగుతోంది, ఆపడానికే వెళ్లాం అన్నారు పుతిన్. అక్కడ 2014 నుంచి పోరు నడిచిన మాట నిజం, రెండు వైపులా మనుషులు చనిపోయిన మాటా నిజం. జాతిహననం అన్నది వేరే ఆరోపణ. 2022 మార్చి 16న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం, ఆ ఆరోపణను బలపరిచే సాక్ష్యం తమ ముందు లేదని చెప్పి, సైనిక చర్య ఆపమని 13–2 ఓట్లతో రష్యాను ఆదేశించింది. ఆ పదమూడుగురిలో మన దేశపు న్యాయమూర్తి దల్వీర్ భండారీ ఒకరు. సాక్ష్యం లేని కారణాన్ని మన పల్లెల్లో ఏమంటారో నేను చెప్పక్కర్లేదు.

ఒక సభ్యుడు:
పత్రికలు ‘రష్యా–ఉక్రెయిన్ యుద్ధం’ అని రాస్తాయి. ద్వంద్వ సమాసంలా ఇద్దరినీ సమానం చేసేస్తోంది. ఇదీ ఆపేయాలి.

మాస్టారు:
అంత దూరం వద్దండీ. రామరావణ యుద్ధం అంటాం. సీతను ఎత్తుకుపోయింది ఎవరో మరిచిపోయామా? సమాసం యుద్ధంలో ఉన్నవాళ్ల పేర్లు చెప్తుంది, అంతవరకే. నా ఫిర్యాదు హెడ్డింగుల్లోని ‘కూలిన’, ‘పేలిన’ మీద. 2022 మార్చి 16నే ఉక్రెయిన్‌లోని మరియుపోల్ నగరంలో జనం తలదాచుకున్న నాటకశాల మీద రష్యా బాంబు వేసింది. బయట నేల మీద పెద్ద అక్షరాలతో ‘పిల్లలు’ అని రష్యన్‌లో రాసి ఉంది, పైనుంచి కనిపించేలా. దాన్ని ‘కూలిన నాటకశాల’ అని రాస్తే పాతబడి కూలిందేమో అనుకుంటాడు చదివేవాడు.

సభ్యురాలు:
మరి ఏ మాట వాడాలి? దండయాత్రా, ఆక్రమణా, దురాక్రమణా?

మాస్టారు:
మూడింటికీ రుచి వేరు. దండయాత్రలో పాత రాజుల వాసన ఉంది, కాస్త వీరత్వం కూడా అంటుకుంది. దోమల దండయాత్ర అని హాస్యానికీ వాడేశాం. ఆక్రమణ్ అంటే హిందీలో దాడి. మనకేమో ఆక్రమణ అంటే స్థలం కబ్జా, ఫుట్‌పాత్ మీద బడ్డీ. అందుకే మనవాళ్లు ముందు ‘దుర్’ తగిలించారు. దురాక్రమణ అనగానే చేసినవాడూ వస్తాడు, తప్పూ వస్తుంది.

ఈ మాటకు కొలత కూడా ఉంది. 1974 డిసెంబరు 14న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 3314వ తీర్మానంలో దురాక్రమణను నిర్వచించింది. సమితి చార్టర్‌కు విరుద్ధంగా ఆయుధబలాన్ని ముందు వాడడమే పైకి కనిపించే రుజువు అంటుంది రెండో అధికరణం. ఐదో అధికరణం నాకు మరీ ఇష్టం: రాజకీయమైనా, ఆర్థికమైనా, సైనికమైనా, ఏ కారణమూ దురాక్రమణకు సమర్థన కాదు. కారణాలుండవని అనలేదు చూడండి. కారణం, సమర్థన వేరని అంది. 2022 మార్చి 2న అదే సభ ఉక్రెయిన్ విషయంలో ఆ మాటే వాడింది. అనుకూలం 141, వ్యతిరేకం 5, ఓటుకు దూరం 35. ఆ 35లో మన దేశం ఉంది, దాచడానికేమీ లేదు.

మరొక సభ్యుడు:
పుతిన్ ‘సైనిక చర్య’లోని ‘చర్య’ మాత్రం మనకు కొత్త కాదు మాస్టారూ. 1948 సెప్టెంబరులో హైదరాబాద్‌లోకి వెళ్లింది సైన్యం, పేరు పోలీసు చర్య.

మాస్టారు:
చక్కగా పట్టుకున్నారు. రెండు సంఘటనలూ ఒకటి కావు, పేరు పెట్టే తెలివి మాత్రం అదే. తేడా ఏమిటంటే మాస్కోలో ఆ మెత్తని పేరును చట్టంతో కాపలా కాశారు. దాడి జరిగిన రెండు రోజులకే ‘దాడి, దండయాత్ర, యుద్ధ ప్రకటన’ అని రాసినవి తీసేయమని అక్కడి మీడియా నియంత్రణ సంస్థ పత్రికలకు చెప్పింది. మార్చి 4న వచ్చిన చట్టం ప్రకారం సైన్యం గురించి ‘అబద్ధాలు’ చెప్తే పదిహేనేళ్ల దాకా జైలు. మాస్కోలో అలెక్సీ గోరినోవ్ అనే స్థానిక కౌన్సిల్ సభ్యుడు సమావేశంలో దీన్ని యుద్ధం అన్నందుకు ఆ జులైలో ఏడేళ్ల శిక్ష పడింది. డిసెంబరు 22న పుతిన్ నోటి వెంటే ‘ఈ యుద్ధం’ అన్న మాట వచ్చింది. ఆయనకేమీ కాలేదు, అది వేరే సంగతి.

సభ్యురాలు:
కర్తను మార్చేయడం అంటే నాకు రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ గుర్తొస్తారు. 2023 మార్చిలో ఢిల్లీలో విదేశాంగ వ్యవహారాల మీద జరిగే రైసీనా సభలో, ఇది తమ మీద మొదలుపెట్టిన యుద్ధం, తాము ఆపడానికి చూస్తున్నాం అన్నారు. హాలంతా నవ్వింది. 2025 ఫిబ్రవరి 18న ట్రంప్ ఉక్రెయిన్‌ను ఉద్దేశించి మీరు అసలు మొదలుపెట్టకుండా ఉండాల్సింది అన్నప్పుడు మాత్రం నవ్వు రాలేదు. సగం ఫార్వర్డులు అక్కడినుంచే దిగాయి.

ప్రశ్న అడిగినవారు:
మాస్టారూ, ఇదంతా కుదించి బావకు పంపాను. ‘అయితే ఇరాక్‌లో అమెరికా చేసిందేమిటి’ అని వెంటనే తిరిగి వచ్చింది.

మాస్టారు:
అదీ దురాక్రమణే అని రాయండి, మొహమాటపడకండి. 2003 మార్చి 20, కర్త అమెరికా, సాకు సామూహిక మారణాయుధాలు, అవి దొరకలేదు. మరుసటి ఏడాది అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ అది చార్టర్ ప్రకారం చట్టవిరుద్ధమన్నారు. బావగారికి ఆ కొలత నచ్చితే ఇదే కొలత కీవ్‌కూ పెట్టమనండి.

ప్రశ్న అడిగినవారు:
పెట్టాను. చప్పట్ల సామెత వెనక్కి తీసుకున్నాడు. ఇప్పుడు ‘నిప్పు లేనిదే పొగ రాదు’ పంపాడు. దీనికి ఇక్కడే రాయనా, వేరే చర్చ తెరవనా?