"సమస్త ప్రవర్తనయందు": బరువు ఏ మాట మీద?

అందరికీ నమస్తే, సంఘపోళ్లకు వందనాలు. మొన్న ఆదివారం హన్మకొండలో నేను పోయిన ఆరాధనలో వాక్యం బైబిల్లోని మొదటి పేతురు పత్రిక 1:15 మీద. "మిమ్మును పిలిచినవాడు పరిశుద్ధుడైయున్న ప్రకారము మీరును సమస్త ప్రవర్తనయందు పరిశుద్ధులైయుండుడి." ముప్పావు గంట 'పరిశుద్ధత' మీదే సాగింది. ఏ సినిమా చూడొద్దు, ఏ బట్టలు కట్టొద్దు, ఎవరితో తిరగొద్దు. పక్కన మా మేనకోడలు కూర్చుంది, ఇంటర్ సెకండియర్. చెవిలో మెల్లగా అడిగింది: "మామా, 'ప్రవర్తన' సంగతి ఎప్పుడు చెప్తరు?"

ఆ ప్రశ్న ఇంటిదాకా నా వెంటే వచ్చింది. అందుకే మన గ్రూపులో ఈ పోస్టు.

మా అమ్మమ్మది నర్సంపేట దిక్కు ఊరు. ఆమెకు అక్షరం ముక్క రాదు. వచనాలన్నీ కూటాల్లో విని నోటికి పట్టినవే. ఈ వచనం ఆమె నోట్లో ఇట్ల పలికేది: "మీ తిరుగుడంతట్ల పరిశుద్ధంగ ఉండుండ్రి." చిన్నప్పుడు నవ్వుకునేవాళ్లం. 'ప్రవర్తన' నోరు తిరగక 'తిరుగుడు' అంటుందనుకునేవాళ్లం. 'ఉండుడి' ఎట్లాగూ 'ఉండుండ్రి' అయింది, కూసోండ్రి, తినుండ్రి లాగా. అచ్చుకెక్కిన బైబిల్ తెలుగు పని విశాఖపట్నంలో 1805లో లండన్ మిషన్ వాళ్లు దిగాక మొదలైంది. మా ఊరి 'ండ్రి' అందులోకి ఎక్కడినుంచి వస్తుంది?

ఒక ఫిబ్రవరి గుర్తుంది. కల్లంలో మిర్చి ఎండబోసి, ఇంటిల్లిపాదీ కూర్చుని తాలు ఏరుతున్నాం. మిర్చి పండించనివాళ్ల కోసం చెప్తున్న: ఎర్రకాయలో కలిసిన రంగు పోయిన తెల్లకాయ తాలు. ఎనుమాముల మార్కెట్లో దాని ధర వేరే, ఎర్రకాయ ధరకు దగ్గరికి కూడా రాదు. పొద్దు గూకుతుంది. ముక్కులు మండుతున్నాయి, వేళ్లయితే చెప్పొద్దు. ఆఖరి సంచి నింపేటప్పుడు మా మామ అడుగున నాలుగు దోసిళ్లు తాలు పోసి, పైన ఎర్రకాయ పోసి మూతి కుట్టిండు. అమ్మమ్మ వచ్చింది, చేత్తో సంచి అడుగు ఒత్తి చూసింది. కుట్టు తెంపింది. మొత్తం పట్టా మీద గుమ్మరించింది. దేవుని పేరు ఎత్తలేదు, వచనం చెప్పలేదు. "మల్ల ఏరుండ్రి" అని లోపలికి పోయింది. మేం కందిలి ముట్టిచ్చుకుని ఏరినం.

ఇప్పుడు నా డౌటు. అమ్మమ్మ 'తిరుగుడు' అన్నది తప్పేనా? ఈ వచనంలో బరువు 'పరిశుద్ధ' మీద ఉందా, 'ప్రవర్తన' మీదా?

హన్మకొండ నుంచి, రిటైరైన తెలుగు పండితుడు:

నాయనా, మీ అమ్మమ్మగారు తప్పు పలకలేదు. 'ప్రవర్తన'లో ధాతువు వృత్. తిరగడం, ఉండడం రెండూ దాని అర్థాలే. ఆవర్తనం, పరివర్తన, వర్తులం, అన్నీ ఆ ఇంటి పిల్లలే. మనం 'ప్రవర్తన' అనగానే స్కూలు వాళ్లిచ్చే కాండక్ట్ సర్టిఫికెట్ గుర్తొస్తుంది కాబట్టి అందులోని తిరుగుడు వినబడడం మానేసింది. 'వాని తిరుగుడు మంచిగ లేదు' అని మన ఊళ్లలో అంటే కాళ్ల తిరుగుడు గురించి కాదు కదా. 'నడత', 'నడవడి' కూడా అంతే, నడక నుంచి వచ్చినవి.

ఇంకొకటి, 'పరి' అనే ఉపసర్గకు 'అంతటా, చుట్టూ, పూర్తిగా' అని అర్థం. పరిసరం, పరిధి చూడండి. కాబట్టి 'పరిశుద్ధ'లోనే 'అంతటా' ఉంది. మళ్లీ పైన 'సమస్త' వేశారు. చెప్పినవాడికి అది ఎంత ముఖ్యమో తెలుస్తూనే ఉంది.

సికింద్రాబాద్‌లో వేదాంతం చదివి ఇప్పుడు పరకాలలో ఉన్న ఒక తమ్ముడు:

పండితులు గారికి నమస్కారాలు. మీరు చెప్పింది చదివి గ్రీకు కొత్త నిబంధన తెరిచాను. అక్కడ ప్రవర్తనకు ఉన్న మాట 'అనస్ట్రొఫే'. 'స్ట్రెఫో' అంటే తిప్పడం, తిరగడం. అంటే గ్రీకులో తిరుగుడు, సంస్కృతంలో తిరుగుడు, అమ్మమ్మ నోట్లోనూ తిరుగుడే! పేతురు మొదటి పత్రికలోనే ఆ మాట 6 సార్లు వస్తుంది. ఆయనకు బాగా ఇష్టమైన మాట అన్నమాట.

'పరిశుద్ధులైయుండుడి'లోని 'ఐ' మీద కూడా ఒక మాట. గ్రీకులో 15వ వచనంలో 'అవ్వండి' అనే క్రియ ఉంది, 16లో 'ఉండాలి' అనేది. తెలుగులో 'ఐ ఉండు' అనేసరికి ముందు అవ్వడం, తర్వాత అట్లనే ఉండడం, రెండూ ఒక్క ముక్కలో ఇమిడిపోయాయి. ఈ సౌకర్యం మన భాషలో ఉందని నాకు ఇవాళే తట్టింది.

మంచిర్యాల నుంచి:

అన్నా, ఏమనుకోకు. మా దిక్కు 'తిరుగుడు' అంటే మంచి మాట కాదు. 'తిరుగుబోతు'కు పక్కింటిది. దాన్ని వాక్యంలో పెడితే ముసలోళ్లు లొల్లి పెడ్తరు.

పోస్టు పెట్టినవాణ్ని:

నిజమే తమ్మీ. బైబిల్లో మార్చుమని కాదు నేననేది. అయితే 'తిరుగుడు'కు చెడ్డపేరు ఎందుకొచ్చిందో చూడు. ఊర్లో మనిషిని తూచేది దానితోనే కాబట్టి. 'వాని ప్రార్థన మంచిగ లేదు' అని ఊర్లో ఎవరూ అనరు.

కాజీపేట నుంచి, కతోలిక అక్క:

మా దగ్గర 'పరిశుద్ధ' తక్కువ. 'పిత, పుత్ర, పవిత్రాత్మ' అంటాం, మీరు 'పరిశుద్ధాత్మ' అంటారు. పుణ్యాత్ములను 'పునీత' అంటాం. 1952లో వరంగల్ మేత్రాసనం (బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) ఏర్పడక ముందునుంచీ పెద్దలు వాడుతున్న మాటలే ఇవి. నాకు ఎప్పుడూ తమాషాగా అనిపించేది 'పాపసంకీర్తనం'. బయట సంకీర్తన అంటే పాట, భజన. మా దగ్గర మాత్రం గురువుల దగ్గర మోకరించి తప్పులు ఒప్పుకోవడం. చిన్నప్పుడు పాపాలను పాటగా పాడాలేమో అని ఎంత టెన్షన్ పడ్డానో!

హన్మకొండ పండితుడు:

అమ్మా, 'పవిత్ర', 'పునీత', 'పావన', మూడూ 'పూ' ధాతువు నుంచే. వేదకాలంలో పవిత్రం అంటే సోమరసం వడగట్టే జల్లెడ. ఇప్పటికీ కర్మలలో వేలికి పెట్టుకునే దర్భ ఉంగరం పేరు పవిత్రమే. అంటే అది శుభ్రంగా ఉన్న వస్తువే కాదు, శుభ్రం చేసే వస్తువు కూడా. ఆ కల్లంలో తాలు ఏరిన చేతులు గుర్తొచ్చాయి నాకు.

కరీంనగర్ నుంచి (నేను క్రైస్తవుణ్ని కాదు, ఊరికే అడుగుతున్నా):

మా అవ్వకు మడి ఉండేది. తడిబట్ట కట్టుకుంటే మమ్మల్ని ముట్టనిచ్చేది కాదు. పరిశుద్ధం అంటే అదేనా మీకూ? ముట్టకుండ, అంటకుండ ఉండుడా?

పోస్టు పెట్టినవాణ్ని:

మంచి ప్రశ్న అన్నా. నిజం చెప్పాలంటే మావాళ్లలో చాలామంది దాన్ని మడి లాగానే వింటారు. 'శుద్ధ' అనే మాట కడుపులో కడగడం, అంటు పడకపోవడం ఉన్నాయి మరి. యాకోబు 1:27లో కూడా "ఇహలోకమాలిన్యము తనకంటకుండ" అనే ఉంది. కాని ఆ వచనం సగమే చదువుతాం. ముందు సగంలో దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వాళ్ల ఇబ్బందిలో పరామర్శించాలని ఉంది. అంటే పోయి ముట్టుకోవాల్సిందే.

హీబ్రూలో 'ఖాదోష్'ను మామూలుగా 'వేరు చేసిన, ప్రత్యేకించిన' అని వివరిస్తారు. పేతురు 16వ వచనంలో ఎత్తిచూపింది పాత నిబంధనలోని లేవీయకాండం మాట. అక్కడ 19వ అధ్యాయం "పరిశుద్ధులై యుండవలెను" అని మొదలవుతుంది. తర్వాత ఏమొస్తుందో చూడు: కోతప్పుడు చేను అంచులు బీదలకు వదలాలి, కూలివాని కూలి తెల్లారేదాకా దగ్గర పెట్టుకోవద్దు, చెవిటివాణ్ని తిట్టొద్దు. చివరికొచ్చేసరికి న్యాయమైన త్రాసులు, న్యాయమైన గుండ్లు, న్యాయమైన తూము, న్యాయమైన పడి. తూము, పడి! మా తాత వడ్లు కొలిచిన మాటలే. విగ్రహాలు, నెత్తురు తినడం లాంటి నిషేధాలూ ఆ అధ్యాయంలో ఉన్నాయి, లేవని అనను. కాని మేం వినేది ఆ నిషేధాలే ఎక్కువ. తూము మీద ప్రసంగం నేనైతే ఇప్పటిదాకా వినలేదు.

డోర్నకల్ నుంచి, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పెద్దాయన:

మా దగ్గర అజరయ్య బిషప్ గారి సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయింది ఆయనే. బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్లను తల మీద చెయ్యి పెట్టుకోమని, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ని, సువార్త ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అనిపించేవారట. ఈ 'శ్రమ' కూడా మీ గ్రూపుకు పనికొచ్చే మాట. బయట శ్రమ అంటే కష్టపడి పనిచేయడం, మనకు బాధ, శిక్ష. ఈస్టరుకు ముందు శ్రమల దినాలు వస్తే ఆఫీసులో మా అబ్బాయిని అడుగుతారట, "మీకు ఓవర్‌టైమా?" అని.

పరకాల తమ్ముడు:

పోస్టు పెట్టినన్నా, ఒక్కటి చెప్పు. ఆ సంచి తర్వాత ఏమైంది?

పోస్టు పెట్టినవాణ్ని:

తాలు సంచి వేరే కట్టినం. మార్కెట్లో అడ్తిదారు రెండు సంచులూ చూసి, ఎర్రకాయ సంచిలో కూడా మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగునుంచి గుప్పెడు తీసిండు. ఆయన అందరి సంచులూ అట్లనే చూస్తడు. మామ మాత్రం అమ్మమ్మ దిక్కు చూడలేదు. ఆమె అప్పటికే కాంటా కాడికి పోయి నిలబడింది, గుండ్లు సరిగ్గ ఉన్నయా లేదా చూద్దామని.