గ్రిడ్ తనంతట తానే మారాలా, అడిగితేనే మారాలా?

నాగావళి:
పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి సీషార్ప్ భాషలో, విన్‌ఫారమ్స్ (విండోస్ తెరలు కట్టే సాధనం) వాడి నిల్వల ప్రోగ్రాం రాస్తున్నాను. వెనక డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్. గోదాములో ఒక కంప్యూటర్, ఆఫీసులో రెండు. గోదాములో '320' అనే రకం పప్పు డబ్బాలు పంపినట్టు నమోదు చేసినా, ఆఫీసు గ్రిడ్‌లో (తెర మీది పట్టికలో) పాత నిల్వే కనిపిస్తోంది. ఫారం మూసి తెరిస్తే సరవుతుంది. ఎప్పటికప్పుడు దానంతటదే మారాలని యజమాని పట్టుబడుతున్నారు. తాను రాస్తుండగా తెర కదలకూడదని గుమాస్తా గారి పట్టు. ఎవరి మాట వినాలి?

గంటస్తంభం:
డబ్బులిచ్చేవారి మాట. ఐదు సెకన్లకు ఒక టైమర్ పెట్టి టేబుల్ మళ్ళీ నింపండి. మూడు కంప్యూటర్లకు సర్వర్ ఏమీ అలసిపోదు.

వంశధార:
సర్వర్ అలసిపోదు మాస్టారూ, గుమాస్తా అలసిపోతారు. డేటాబేస్ నుంచి వరసలు తెచ్చే టేబుల్ అడాప్టర్ మామూలుగా పాత వరసలన్నీ తుడిచాకే కొత్తవి నింపుతుంది. ఎంచుకున్న వరస పోతుంది, స్క్రోల్ మొదటికి వస్తుంది, సగం కొట్టిన అంకె మాయమవుతుంది. తింటున్నవాడి ముందు విస్తరి లాగేసినట్టే.
పోనీ తుడవకుండా నింపుదామా? ప్రోగ్రాంలో ఆ వరసలను పట్టి ఉంచే డేటాటేబుల్‌కు ప్రైమరీ కీ (ప్రతి వరసనూ విడిగా గుర్తించే కాలమ్) లేకపోతే అవే వరసలు కింద రెండోసారి చేరతాయి. కీ ఉంటే మారినవి సరవుతాయి కానీ, డేటాబేస్‌లో తొలగించినవి గ్రిడ్‌లో అలాగే ఉండిపోతాయి.

కోట జంక్షన్:
ఊరికే అడుగుతూ ఉండటం ఎందుకు? మారినప్పుడు డేటాబేసే కబురు పంపుతుంది. అందుకోసం ఎస్‌క్యూఎల్ డిపెండెన్సీ అనే సదుపాయం ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 వెర్షన్ నుంచీ ఉన్నదే.

వంశధార:
ఉంది. దాని షరతులు కూడా చెప్పాలి కదా. డేటాబేస్‌లో కబుర్లు చేరవేసే సర్వీస్ బ్రోకర్ ఆన్‌లో ఉండాలి. క్వెరీలో (డేటా అడిగే వాక్యంలో) అన్ని కాలమ్‌లూ తెమ్మనే సెలెక్ట్ స్టార్ పనికిరాదు, కాలమ్‌ల పేర్లన్నీ రాయాలి, టేబుల్ పేరుకు ముందు అది చెందిన విభాగం, అంటే స్కీమా పేరు ఉండాలి. కబురు ఒక్కసారే వస్తుంది, తరువాతి మార్పు కోసం మళ్ళీ నమోదు చేసుకోవాలి. ఏదో మారిందంటుంది తప్ప ఏ వరసో చెప్పదు. పైగా అది తెరను నడిపే థ్రెడ్ (ప్రోగ్రాంలో ఒక పని పాయ) మీద కాక వేరే థ్రెడ్ మీద వస్తుంది, పనిని తెర థ్రెడ్‌కు అప్పగించే ఇన్వోక్ లేకుండా గ్రిడ్‌ను ముట్టుకోకూడదు. వందల కంప్యూటర్లలో నడిచే ప్రోగ్రాముల కోసం దీన్ని తయారు చేయలేదని మైక్రోసాఫ్ట్ పత్రాల్లోనే ఉంది.

కోట జంక్షన్:
ఇక్కడున్నవి మూడు కంప్యూటర్లు. వందల సంగతి ఎందుకు? పోస్ట్‌గ్రెస్ అనే వేరే డేటాబేస్ వాడి ఉంటే, కబురు పంపే దాని నోటిఫైతో పాటు ఏ లాటు (ఒక విడత సరుకు) మారిందో కూడా పంపుకోవచ్చు, అది వేరే మాట.

గంటస్తంభం:
మీరిద్దరూ కొత్తగా కనుక్కున్నట్టు మాట్లాడుతున్నారు. మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ ప్రోగ్రాం యాక్సెస్‌లోనే ఈ తేడా ఉండేది. రిఫ్రెష్ అంటే ఉన్న రికార్డుల్లో మార్పులు చూపడం, రీక్వెరీ అంటే క్వెరీ మళ్ళీ నడిపి కొత్తవి చేర్చి పోయినవి తీసేయడం. నాగావళి గారికి కావలసినది రెండోది.

వంశధార:
తెర ఎంత తాజాగా ఉన్నా అమ్మకానికి దాన్ని నమ్మకూడదు. గ్రిడ్‌లో 40 డబ్బాలు చూసి గుమాస్తా 30 రాస్తారు. ఆ అర నిమిషంలో గోదాము 20 పంపేసి ఉండవచ్చు. ఐదు సెకన్ల టైమర్ ఈ పొరపాటును ఆపదు, అరుదు చేస్తుంది. అరుదుగా వచ్చే తప్పు పట్టుకోవడం మరీ కష్టం.
నిల్వ తగ్గించే అప్‌డేట్ వాక్యంలోనే, అడిగినంత నిల్వ ఉంటేనే అన్న షరతు వేర్ భాగంలో పెట్టండి. మారిన వరసల సంఖ్య సున్నా వస్తే ఆ అమ్మకం ఆపి, ఆ ఒక్క లాటునే తాజాగా తెచ్చి చూపండి. ధర, రకం వంటివి దిద్దేటప్పుడు వరస మారినప్పుడల్లా దానంతటదే మారే రోవెర్షన్ కాలమ్‌ను పోల్చి చూడండి. టైమర్ కావాలంటే కూడా అదే కాలమ్ పనికొస్తుంది, క్రితంసారి తరువాత మారినవే అడగవచ్చు. తొలగించినవి మాత్రం దానికి చిక్కవు. వాటికి 'రద్దు' అని ఒక గుర్తు పెట్టుకోవాలి.

గంటస్తంభం:
ఆ షరతు ఉండాల్సిందే, కాదనను. కానీ యజమాని అడిగింది అది కాదు. ఆయన టైపు చేయరు, కూర్చుని చూస్తారు. ఆయన తెర ఐదు సెకన్లకోసారి మారితే ఎవరికి నష్టం?

నాగావళి:
ఈ మాట నాకు తట్టలేదు. ఇద్దరికీ ఒకే ఫారం ఇవ్వాలనుకున్నాను. యజమానికి దిద్దే వీలు లేని వేరే ఫారం, టైమర్‌తో ఇస్తాను. గుమాస్తా ఫారంలో పైన '3 లాటులు మారాయి' అని ఒక పట్టీ కనిపిస్తుంది, నొక్కినప్పుడే ఆ వరసలు మారతాయి. సేవ్ దగ్గర వంశధార గారి షరతు.

కోట జంక్షన్:
గుమాస్తా గ్రిడ్ నిల్వ ప్రకారం సార్ట్ చేసి ఉంటే, ఒక్క వరస మార్చినా అది వేరే చోటికి దూకుతుంది. చూసుకున్నారా?

వంశధార:
లాటు నంబరు వరసలోనే ఉంచి, శీర్షిక నొక్కితే సార్ట్ అయ్యే సదుపాయం తీసేయండి.

గంటస్తంభం:
అది తీసేస్తే గుమాస్తా గారు ఊరుకుంటారా? అమ్మడానికి ఎక్కువ నిల్వ ఉన్న లాటును వెతుక్కునేది దానితోనే కదా.