యూఎస్‌బీ 4జీ మోడెమ్ మాటిమాటికీ పడిపోతోంది: ఏటీ కమాండ్లతో కారణం కనిపెట్టడం ఎలా?

ప్రశ్న:
నమస్కారం అండి. మనుషులు ఉండని చోట సెన్సార్ల రీడింగులు పంపడానికి ఒక చిన్న లినక్స్ బోర్డుకు 4జీ యూఎస్‌బీ మోడెమ్ తగిలించాను. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది, ఉన్నట్టుండి నెట్ పోతుంది. మోడెమ్ ఊడదీసి మళ్లీ పెడితే తప్ప రాదు. ప్రతిసారీ అక్కడికి వెళ్లాలంటే కుదరదు కదా. ఏటీ కమాండ్లతో (మోడెమ్‌కు సీరియల్ పోర్టు ద్వారా టైపు చేసి ఇచ్చే ఆదేశాలతో) సిగ్నల్ చూడొచ్చని, రీసెట్ కూడా చేయొచ్చని చదివాను. కానీ మినీకామ్ అనే సీరియల్ టెర్మినల్ ప్రోగ్రాంలో టీటీవైయూఎస్‌బీ0 (మోడెమ్‌కు లినక్స్ ఇచ్చిన పోర్టు పేరు) తెరిచి ఏటీ అని కొడితే ఉలుకూ పలుకూ లేదు. టీటీవైయూఎస్‌బీ2లో ఒక్కోసారి ఓకే వస్తుంది, ఒక్కోసారి సగం జవాబే వస్తుంది. మోడెమ్ పాడైందంటారా? మంచి యాంటెన్నా కొనమని కొందరు అంటున్నారు.

జవాబు:
మోడెమ్ పాడవలేదండి, యాంటెన్నా సంగతి తర్వాత చూద్దాం. ఇలాంటి మోడెమ్ ఒక్క ప్లగ్‌లోనే మూడు నాలుగు సీరియల్ పోర్టులు చూపిస్తుంది. ఒకటి డయాగ్నస్టిక్స్‌కి, ఒకటి జీపీఎస్‌కి, మిగిలినవి ఏటీ కమాండ్లకు. సున్నా పోర్టు పలకకపోవడంలో వింతేమీ లేదు. టీటీవైయూఎస్‌బీ2లో సగం జవాబులు వస్తున్నాయంటే చాలావరకు అది మోడెమ్‌మేనేజర్ పని, అంటే లినక్స్‌లో మోడెములను చూసుకునే సర్వీసు. ఆ సర్వీసు కూడా అదే పోర్టు తెరిచి తన ప్రశ్నలు తాను అడుగుతుంటుంది, మీకు రావాల్సిన జవాబులో సగం అది చదివేసుకుంటుంది. చేత్తో పరీక్షించేంతసేపు దాన్ని ఆపేయండి. నెట్ కూడా దాని ద్వారానే నడుస్తుంటే అదీ ఆగిపోతుంది, కాబట్టి బోర్డు మీ ఎదురుగా ఉన్నప్పుడే ఈ పని చేయండి.

కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే. ముందు ఏటీ+సీఎంఈఈ=2 ఇవ్వండి. దాంతో ఉత్త ఎర్రర్ బదులు కారణం మాటల్లో వస్తుంది. తర్వాత ఏటీ+సీపీఐఎన్? అడగండి, రెడీ అని వస్తే సిమ్ సరిగానే ఉంది. ఆ తర్వాత ఏటీ+సీఈఆర్‌ఈజీ?. అందరూ సిగ్నల్ దగ్గరే ఆగిపోతారు గానీ, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. జవాబులో రెండో అంకె చూడండి. 1 అంటే సొంత నెట్‌వర్క్‌లో నమోదైంది, 5 అంటే రోమింగ్‌లో. 2 అంటే ఇంకా వెతుకుతోంది. 3 అంటే నెట్‌వర్కే కాదు పొమ్మంది, అప్పుడు ఎంత పెద్ద యాంటెన్నా పెట్టినా లాభం ఉండదు, సిమ్ గురించి ఆపరేటర్‌ని అడగాల్సిందే.

సిగ్నల్‌కి ఏటీ+సీఎస్‌క్యూ ఉంది. జవాబులో మొదటి అంకె చూడండి, 0 నుంచి 31 వరకు ఉంటుంది, 99 అంటే తెలియదని. ఆ అంకెను రెట్టింపు చేసి 113 తీసేస్తే డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం) వస్తుంది. అయితే 4జీలో ఇది చుట్టుపక్కల గోలనంతా కలిపి కొలిచిన బలం. అసలు సంగతి ఏటీ+సీఈఎస్‌క్యూలో దొరుకుతుంది. అందులో వచ్చే ఆరు అంకెల్లో చివరిది ఆర్‌ఎస్‌ఆర్‌పీ, అంటే టవర్ నుంచి వచ్చే అసలు సిగ్నల్ బలం, దాంట్లోంచి 141 తీసేయండి. దాని ముందున్నది ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ, అంటే ఆ సిగ్నల్ నాణ్యత, దాన్ని సగం చేసి 20 తీసేయండి. ఒకసారి మామూలుగా నడుస్తున్నప్పుడు, ఒకసారి నెట్ పోయినప్పుడు ఈ జవాబులన్నీ తీసి ఇక్కడ పెట్టండి. నెట్ పోయినప్పటి డీమెసేజ్ (dmesg, లినక్స్ కెర్నెల్ సందేశాల చిట్టా) చివరి లైన్లు కూడా.

అడిగినవారు:
మోడెమ్‌మేనేజర్ ఆపగానే జవాబులు చక్కగా వచ్చాయండి, థాంక్స్. సిమ్ రెడీ. సీఈఆర్‌ఈజీ 0,1. సీఎస్‌క్యూ 23,99. సీఈఎస్‌క్యూ 99,99,255,255,20,46. నెట్ పోయినప్పుడు మాత్రం టీటీవైయూఎస్‌బీ2 నుంచి అసలు జవాబే లేదు. డీమెసేజ్‌లో యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అని ఉంది, వెంటనే మళ్లీ అదే మోడెమ్ దొరికినట్టు ఉంది, కానీ పోర్టులు 4 నుంచి 7 అని చూపిస్తోంది. అదేంటి?

జవాబు:
అదిగో, దొరికింది. ముందు సిగ్నల్: 23 అంటే మైనస్ 67 డీబీఎం. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 95, ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ మైనస్ 10. ఇది మంచి సిగ్నలే, యాంటెన్నాకు డబ్బు పెట్టకండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 110 దాటి దిగజారితే అప్పుడు ఆలోచించాలి.

మీ మోడెమ్ యూఎస్‌బీ కనెక్షన్ నుంచే ఊడిపోయి మళ్లీ వస్తోంది. ఇలా జరిగితే నేను మొదట అనుమానించేది కరెంటునే. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీయాంపుల వరకే ఇవ్వాలని లెక్క. మోడెమ్ గట్టిగా ట్రాన్స్‌మిట్ చేసే క్షణాల్లో అంతకు మించి లాగొచ్చు. వోల్టేజీ పడిపోయిందంటే లోపలి చిప్ రీస్టార్ట్ అవుతుంది. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెట్టండి, పొడవాటి సన్న కేబుల్ ఉంటే తీసేయండి.

రెండోది, మోడెమ్‌తో మాట్లాడే మీ స్క్రిప్టు. మోడెమ్ పోయినా అది పాత పోర్టులను తెరిచే ఉంచినట్టుంది. అందుకే కెర్నెల్ పాత అంకెలను ఖాళీ చేయలేక కొత్తవి ఇచ్చింది. చదవడంలో గానీ రాయడంలో గానీ ఎర్రర్ వస్తే పోర్టు మూసేసి మళ్లీ తెరిచేలా రాయండి. అంకె మీద ఆధారపడకుండా /డెవ్/సీరియల్/బై-ఐడీ కింద ఉండే పేరు వాడండి, అది మారదు.

మరొకరు:
ఒక జాగ్రత్త చెబుతాను. సిమ్‌కి పిన్ ఉంటే దాన్ని స్క్రిప్టులో లూపులో పంపకండి. మూడుసార్లు తప్పు వెళ్తే పీయూకే (లాకైన సిమ్‌ను తెరిచే కోడ్) అడుగుతుంది. పీయూకే పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు. మనిషి లేని చోట పిన్ తీసేయడమే మేలు.

అడిగినవారు:
హబ్ తెప్పిస్తానండి. దూరం నుంచి రీసెట్ చేయాలంటే ఏ కమాండ్? స్క్రిప్టు ఎంతసేపటికోసారి అడిగితే మంచిది?

జవాబు:
ముందు ఏటీ+సీఎఫ్‌యూఎన్=4, కాసేపాగి ఏటీ+సీఎఫ్‌యూఎన్=1. రేడియో ఒక్కటే ఆగి మొదలవుతుంది, పోర్టులు పోవు. అప్పటికీ నమోదు కాకపోతే ఏటీ+సీఎఫ్‌యూఎన్=1,1. చాలా మోడెముల్లో ఇది పూర్తి రీస్టార్ట్, పోర్టులు పోయి మళ్లీ వస్తాయి. ఏటీకే పలకనంతగా బిగుసుకుపోతే కరెంటు తీసి ఇవ్వాల్సిందే. హబ్ కొనేటప్పుడే ఒక్కో పోర్టుకు విడిగా కరెంటు ఆపే వీలున్నది చూసుకోండి, యూహబ్‌సీటీఎల్ అనే ప్రోగ్రాంతో దూరం నుంచే ఆపొచ్చు.

అర నిమిషానికోసారి అడిగితే చాలు. లూపులో ఏటీ+సీఓపీఎస్=? మాత్రం పెట్టకండి. అది చుట్టూ ఉన్న నెట్‌వర్క్‌లన్నీ వెతుకుతుంది, నిమిషాలు పడుతుంది, ఈలోగా డేటా కూడా ఆగిపోవచ్చు. మోడెమ్‌మేనేజర్ కూడా నడవాలనుకుంటే ఏటీ పోర్టుల్లో ఒకదాన్ని మీకోసం వదిలిపెట్టమని యూడెవ్ (లినక్స్‌లో పరికరాల సెట్టింగులు చూసే భాగం) నియమంతో దానికి చెప్పొచ్చు. ఇక స్క్రిప్టు రాసేటప్పుడు ప్రతి కమాండ్ చివర క్యారేజ్ రిటర్న్ (\r) పంపండి, ఉత్త న్యూలైన్ (\n) పంపితే చాలా మోడెములు పట్టించుకోవు. జవాబు కూడా ఓకే గానీ ఎర్రర్ గానీ వచ్చేదాకా చదవండి. మధ్యలో మీరు అడగకుండానే మోడెమ్ పంపే లైన్లు వస్తే వాటిని పక్కన పెట్టండి.