బడిలో వంట మౌసి చెప్పిన సంగతి క్లాస్ టీచర్‌కి చెప్పొచ్చా?

కిమిడి అమ్మ:
మాది పర్లాకిమిడి. బాబు ఐదు దాకా మహేంద్రతనయ అవతల పాతపట్నంలో తెలుగు మీడియంలో చదివాడు, ఈ ఏడు ఇక్కడ ఒడియా బడిలో ఆరులో వేశాం. లెక్కల్లో బాగా వెనకబడ్డాడని క్లాస్ టీచర్ అంటున్నారు. కానీ మధ్యాహ్న భోజనం వండే మౌసి, ఆవిడదీ తెలుగే, ఇంకోలా చెప్పింది. "పెద్ద క్లాసుల వాళ్లు ఇవాళ ఎనభై మంది, తలకి నూట యాభై గ్రాములు, బియ్యం ఎంత తీయాలిరా" అని ఊరికే అడిగితే చేతులు కడుక్కుంటూనే పన్నెండు కిలోలు అన్నాడట. ఇంకోటి కూడా చెప్పింది, అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. బాత్రూమ్‌కి వెళ్తానని ఒడియాలో అడిగితే పిల్లలు నవ్వుతారని సాయంత్రం దాకా ఆపుకుంటున్నాడట, అందుకే నీళ్లు కూడా తాగట్లేదట. ఇవి టీచర్‌కి చెప్తే "వంటావిడకెందుకు ఇవన్నీ" అని ఆవిడ మీదికి పోతారేమోనని భయం. ఏం చెయ్యమంటారు?

రాయగడ మాస్టారు:
చెప్పండమ్మా, నీళ్ల సంగతైతే రేపే చెప్పండి. చిటికెన వేలు చూపిస్తే చాలు, నోరు తెరవక్కర్లేకుండా పంపించమని అడగండి, ఏ టీచరూ కాదనరు. లెక్కల సంగతంటారా, తెలుగు, కువి మాట్లాడే పిల్లల దగ్గర నేను రోజూ చూసేదే. అంకెలిస్తే టకటకా చేసేస్తారు, ఒడియాలో "ఒక రైతు దగ్గర" అని మొదలైతే పెన్ను కింద పెట్టేస్తారు. అదే ప్రశ్నని తెలుగు వచ్చిన తోటి పిల్లాడి చేత చెప్పించి, అప్పుడు చేయించి చూడమనండి. మౌసి గురించి "మావాడు ఈవిడ దగ్గర నోరు విప్పుతున్నాడు" అని మంచిగానే మొదలుపెట్టండి. అయినా వినకపోతే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉంది, విద్యా హక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే.

బరంపురం తెలుగోడు:
వంటవాళ్లకి కేంద్రం లెక్క 2009 నుంచీ నెలకి వెయ్యి రూపాయలే, అదీ ఏడాదికి పది నెలలు, పైన రాష్ట్రం కలిపేది ఉంటే ఉంటుంది. ఆ డబ్బుకి కౌన్సెలర్ పని కూడా ఆవిడ నెత్తిన పెట్టడం న్యాయం కాదు. మెచ్చుకుంటే సరిపోదు, జీతం పెంచాలి. నా చదువు నిలబడింది మా బడి క్లర్కు గారి వల్ల. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలీదు, ఆయనే ఫారం నింపించి, ఆదాయ సర్టిఫికెట్‌లో నాన్న పేరు తప్పు పడితే తహసీల్ ఆఫీసుకి తనే వచ్చి సరిచేయించారు. తొమ్మిది నుంచి ప్లస్ టూ దాకా ఏడాదికి 12,000 వచ్చింది.

గుణుపురం మేట్రన్:
తమ్ముడూ, జీతం మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఆడపిల్లల హాస్టల్లో ఉంటాను. పిల్లలు మాకు చెప్పేస్తారు, మేం మార్కులు వెయ్యం కదా. కౌన్సెలింగ్ మా పని కాదు, చూసింది చూసినట్టు సరైన మనిషికి చేరవేయడం మా పని. అన్నం వదిలేసే పిల్ల, సోమవారం సోమవారం కడుపునొప్పనే పిల్ల, వీళ్లని ముందు మేమే పసిగడతాం. "ఎవరికీ చెప్పొద్దు" అంటే నేను మాటివ్వను, "ఒక్కరికి చెప్తాను, ఎవరికో నువ్వే చెప్పు" అంటాను. ఎవరైనా కొట్టారనో చెయ్యి వేశారనో తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్. చచ్చిపోవాలనుంది అంటే క్షణం కూడా ఒంటరిగా వదలకుండా పక్కనే కూర్చుని 14416కి ఫోన్, అది టెలిమానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. అక్కా, టీచర్ దగ్గరికి వెళ్లే ముందు మౌసిని ఒక మాట అడగండి.

కిమిడి అమ్మ:
అడిగాను, ఆవిడే నాతో వస్తానంది. రేపు ప్రార్థన అయ్యాక వెళ్తున్నాం. బరంపురం తమ్ముడూ, ఆ పరీక్షకి ఆదాయం ఎంత లోపుండాలి?

బరంపురం తెలుగోడు:
ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు అక్కా. ప్రభుత్వ బడో ఎయిడెడ్ బడో అయ్యుండాలి, ఏడులో 55 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకి ఐదు తగ్గుతుంది. సర్టిఫికెట్ మాత్రం ఏడులో ఉండగానే మొదలుపెట్టండి.